బండ్లు నిలిచిన యిల్లు



1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱిన ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు మీలో పెక్కురు వినియుందురు. ఏ మజిలీలో దిగినదియు, అచ్చటి వసతి యెట్టిదియు ఆయన తన యాత్రాచరిత్రలో వ్రాసి యుంచిరి. ఆ దినములలో ప్రయాణమునకు మజిలీయే ప్రాణము. అదే కాలమున ఇంగ్లండుదేశపు బాటసారులు దిగుచుండిన యొక మజిలీని గూర్చి ఈ సాయంకాలము మీకు మనవి చేయుదును.

లండనునుండి యార్కు మీదుగా ఎడింబరోకు పోవు ప్రాత రాజమార్గమును గ్రేట్ నార్త్ రోడ్డందురు. ఆ బాటపై, లండనుకు సుమారు 90 మైళ్ల దూరమున, స్టామ్‌ఫర్డు అను సంతపట్టణము కలదు. లండను దిక్కునుండి వచ్చువానికి వెలండు నది దాటకముందే ‘జార్జి’ అను విడిది యెదురగును. దానిని సత్రమనరాదు. మన సత్రములలో దాత పుణ్యార్థమై అన్నము పెట్టును. అచ్చట పైకము చెల్లించి భుజింపవలెను. కావున పూటకూళ్ల యిల్లనుటయే సరి. ఆ స్థలమున పూర్వము యాత్రికులకు ధర్మశాల యుండెనని చెప్పుదురు. ఇప్పటి కట్టడమున ముఖ్యభాగమును 1597లో ఎలిజబెత్తు రాణి కోశాధికారియైన బర్లీ ప్రభువు కట్టించెను.

కొన్ని యేండ్ల క్రిందట నేనచ్చటికి పోయితిని. మొట్టమొదట నా దృష్టి నాకర్షించినది గుమ్మము కాదు, తలపైనున్న దూలము. బాట కీవలినుండి ఆవలికి తోరణమువలె నిలిచియున్న యా దూలమునడుమ ఇంటి పేరు వ్రేలాడుచుండును. చూచుటకది ఉరికంబమును పోలియుండును. దారిదోపిడిగాండ్రకు బెదరింపుగను, మర్యాదస్థులకు స్వాగతముగను దానిని నిలిపిరని ఊరివారి మాట.

గోడలన్నియు ఆ ప్రాంతపు సున్నపురాతివి. ఆ యూరి ప్రాత యిండ్లకు పెంకులకు మాఱుగా కాలీవెస్టను అను సమీపగ్రామపు పలుచని రాతిపలకలు కప్పుదురు. జార్జి లోపల నడవకు ఇరువైపుల రెండు గదులున్నవి. ఒకదానిపై ‘లండను’ అనియు, రెండవదానిపై ‘యార్కు’ అనియు వ్రాసియున్నది. దక్షిణమునకు పోవువారొక గదిలోను, ఉత్తరమునకు పోవువారు వేఱొక గదిలోను బండికై వేచియుండెడివారు. చదువురానివాడైనను ఏ గదిలో కూర్చుండవలెనో పనివారి నడిగి తెలిసికొన్నచో చాలును, బండి తప్పిపోదు. వెనుక విశాలమైన ముంగిలి, దానిచుట్టు గుఱ్ఱపుసాలలు.

ఈ యేర్పాటంతయు వేగము కొఱకే. 1750 ప్రాంతమున లండనునుండి ఎడింబరోకు వేసవిలో పది దినములు, శీతకాలమున పండ్రెండు దినములు పట్టెడిది. 1784లో ఇంగ్లండున టపాబండ్లు మొదలయ్యెను. బాటలు బాగుపడెను. 1830 తరువాత ఆ 400 మైళ్లను టపాబండి సుమారు 45 గంటలలో గడచెను. ఇది గుఱ్ఱముల బలమువలననే కాదు, మజిలీల చాకచక్యమువలన. బండివెంట నుండు కావలివాడు దూరమునుండియే కొమ్మూదును. ఆ ధ్వని విని సాలలోనివారు క్రొత్త గుఱ్ఱములను సిద్ధము చేసి నిలుతురు. కొలది నిమిషములలో అలసినవి విడివడును, తాజావి పూన్పబడును. మంచి దినములలో జార్జి వాకిట రోజునకు నలువది బండ్లు నిలిచెడివట. ఇరువది ఎగువకు, ఇరువది దిగువకు.

పిదప రైలు వచ్చెను. 1852లో లండనునుండి ఉత్తరమునకు పోవు ప్రధానమార్గము పీటర్‌బరో, గ్రాంథము మీదుగా సాగిపోయెను. స్టామ్‌ఫర్డునకు 1846లోనే రైలు వచ్చినను, అది ఉపమార్గము మాత్రమే. కొమ్ముల ధ్వని ఆగిపోయెను, సాలలు బోసిపోయెను. ఐనను వింత చూడుడు: పొరుగూళ్లు పెరిగి ప్రాత యిండ్లను పడగొట్టుకొనుచుండగా, ఈ యూరికి పడగొట్టుటకు అవసరము కలుగలేదు. నాటి నష్టమే రాతియిండ్లను కాపాడెను. 1967లో ఇంగ్లండున మొట్టమొదటి పరిరక్షణప్రాంతముగా స్టామ్‌ఫర్డునే ప్రకటించిరి.

కాని పేదఱికమొక్కటియే యే యింటిని నిలుపదు. జార్జిలో పొయ్యి ఆఱలేదు. బండ్లు నిలిచిన ముంగిటనే నేడు బల్లలు వేసి భోజనములు వడ్డించుచున్నారు. నేను ఆ ముంగిట కూర్చుండి మా యూరి సత్రమును తలచుకొంటిని. ప్రాత బాటప్రక్కన మా పెద్దలు కట్టించినదది. బస్సుల బాట వేఱుదిక్కున పడగానే బాటసారులు రాకపోయిరి. అప్పుడు మేము నలుగురము కూడి, అల్లరిమూకలు పాడుచేయుదురని దానికి తాళము వేసితిమి. తాళము వేయవలెనన్నవారిలో నేనును ఒకడను. భద్రపఱచితిమనుకొంటిమి. ఏడు వానకాలములు గడచునప్పటికి వాసాలు చీకిపోయి కప్పు కూలెను. లోపల మనుష్యుడున్నచో మొదటి చుక్క కాఱిన నాడే తెలిసియుండెడిది.

మీ యూళ్లలో అట్టి కట్టడమేదైన మిగిలియున్నచో, దానికొక పనిని కల్పింపుడు. బడిపిల్లలు చదువుకొననిండు; ముసలివారు సాయంకాలము కూర్చుండనిండు; సంతకు వచ్చినవారు మూటలు దించుకొననిండు. తాళముకంటె పొయ్యిలోని నిప్పు ఇంటిని బాగుగా కాపాడును. ఈ మాట నేను ఆలస్యముగా నేర్చికొంటిని. మీకు ఆలస్యము కాకుండుగాక.