జైలు నుంచి వచ్చినవాడికి ఒక తోడు



రాజమండ్రి సెంట్రల్ జైల్లో శిక్ష ముగిసిన కుర్రాడు రావులపాలెంలో బస్సు మారి తన ఊళ్లో దిగుతాడు. టీ హోటల్ దగ్గర మాటలు ఆగిపోతాయి. తెలిసినవాళ్లే తల తిప్పుకుంటారు. పాత సావాసగాళ్లు మాత్రం ఆ సాయంత్రమే ఇంటికొస్తారు. కోర్టు వేసిన శిక్షకు గడువుంది, ఊరు వేసేదానికే లేదు.

అందుకే ఆ కుర్రాడికి ఇంటివాళ్లు కాని ఒక పెద్దమనిషి తోడు కావాలి. రిటైరైన మాస్టారు కావచ్చు, కొబ్బరి వ్యాపారి కావచ్చు, డ్వాక్రా సంఘంలో అక్క కావచ్చు.

ఇలాంటి పని మన రాష్ట్రంలో ముందే జరిగింది. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినా, బాపట్ల దగ్గరి స్టువర్టుపురం మీద నేరస్థుల ఊరన్న ముద్ర పోలేదు. 1970లలో సంఘసంస్కర్త లవణం, ఆయన భార్య, కవి జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం అక్కడి ఇళ్లకు వెళ్లి, నేరం మానుకోవాలనుకున్నవాళ్ల పక్షాన నిలబడ్డారు.

నేరం రుజువైనా జైలు దాకా వెళ్లనివారికి చట్టం కూడా అనుకూలమే. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, తగిన కేసుల్లో కోర్టు జైలుకు పంపకుండా మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకుని వదలవచ్చు. ఆ గడువు మూడేళ్లు దాటదు. అలా బయటపడ్డవారికి, నేరం రుజువైనందువల్ల వచ్చే అనర్హత కూడా అంటదని 12వ సెక్షన్ చెబుతోంది. ఇది తెలియక "వాడి బతుకు అయిపోయింది" అని కుమిలిపోయే తల్లులున్నారు. అవసరమైతే పని వెతికిపెట్టడం కూడా ప్రొబేషన్ అధికారి బాధ్యతే. కానీ ప్రతి లంక గ్రామానికీ ఆయనొక్కరే తిరగలేరు కదండీ!

తోడుండటమంటే జామీను ఉండటం కాదు. వాయిదా రోజున కోర్టుకు వెంట వెళ్లండి. ఆధార్, బ్యాంకు కాగితాలు సరిచేయించండి. అంబాజీపేట వైపు కొబ్బరి ఒలుపు పనో, దింపు పనో ఉంటే యజమానితో మీరే మాట్లాడండి, అతని గతం దాచకుండా. చేతికి డబ్బివ్వకండి, పని చూపించండి. నేరం గురించి అతనే చెప్పేదాకా అడగకండి. బాధితుల ఇంటికి మాత్రం, వాళ్లు కోరితే తప్ప తీసుకెళ్లొద్దు. వాళ్ల గాయం వాళ్లది.

ఆసక్తి ఉన్నవారు అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లోని మండల న్యాయసేవల కమిటీని కలిసి పారా లీగల్ వాలంటీరుగా చేరే వీలు అడగండి, శిక్షణ ఇస్తారు. ఉచిత న్యాయసహాయానికి 15100 నంబరుంది. మీ వీధిలోకి అలాంటి కుర్రాడు ఈ వారం వచ్చుంటే, ఏ కమిటీ కోసం చూడకండి. ముందు వెళ్లి పలకరించండి.