ఎక్కడిదో చెప్పి రాయడం

సదస్సు అధ్యక్షుడికి ఇచ్చే సమయం తక్కువ, మైకు దొరికితే వదలని అలవాటు మా తరానికి ఎక్కువ. అందుకని ఒక్క విషయమే మాట్లాడతాను. పరిశోధనలో ఏది ఎక్కణ్ణుంచి తీసుకున్నామో చెప్పడం గురించి.

ఇప్పుడిది ఒక శాతం లెక్కగా మారిపోయింది. గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత వ్యాసంలో 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోగా సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. నిబంధనలను నేను తప్పుపట్టను. వాటివల్ల పుట్టిన ధోరణే నచ్చలేదు. "సార్, నాది ఎనిమిది వచ్చింది" అని విద్యార్థి సంబరంగా చెబుతాడు, జ్వరం దిగినట్టు. ఆ ఎనిమిది శాతంలోనే వ్యాసానికి ప్రాణమైన ప్రతిపాదన ఉండొచ్చు, అది పూర్తిగా ఇంకొకరిది కావచ్చు. ఆ శాతం లెక్కకట్టే యంత్రం మాటల వరసను పోల్చి చూస్తుంది. ఆలోచన ఎవరిదో దానికి పట్టదు.

దీనికి అవతలి కొసన భయం ఉంది. భట్టుమూర్తి వసుచరిత్రలోని శ్లేష మీద ఒక విద్యార్థిని రాసిన అధ్యాయంలో వరసగా తాత్పర్యాలున్నాయి, పద్యం ఒక్కటీ లేదు. అడిగితే, "పద్యాలుంచితే శాతం పెరుగుతుందన్నారండీ" అంది ఆ అమ్మాయి. శ్లేష పద్యంలోని మాటలో ఉంటుంది గాని తాత్పర్యంలో ఎక్కడుంటుంది? ఆకరం చెప్పి ఉటంకించిన పాఠాన్ని, గ్రంథసూచిని, విషయసూచికను, ముందుమాటను లెక్కలోంచి మినహాయించాలని అదే నిబంధనల్లో ఉంది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. శాతం చెప్పినంత శ్రద్ధగా మినహాయింపులూ చెప్పి ఉంటే, భట్టుమూర్తి పద్యాలు ఆ అధ్యాయంలో మిగిలేవి.

తెలుగు వ్యాసాలకు ఇంకో చిక్కుంది. డీటీపీ సెంటర్లలో చాలాకాలం అను ఫాంట్లలోనే టైపు చేయించాం, ఇప్పటికీ చేయిస్తున్నవారున్నారు. కాగితం మీద అది చక్కని తెలుగు. ఫైలు లోపల మాత్రం వేరే గుర్తుల గుంపు, యూనికోడ్ కాదు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగుగా చదవలేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే సిద్ధాంత వ్యాసాల భాండాగారం శోధగంగలో కూడా స్కాన్ చేసిన బొమ్మలుగా ఉన్న తెలుగు వ్యాసాలు తక్కువేమీ కాదు. పాతికేళ్ల కిందటి వ్యాసంలోంచి ఒక అధ్యాయం ఎత్తి రాసినా యంత్రం చేతికి దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు తక్కువ శాతం ఉన్న ధ్రువపత్రాన్ని చూసి ఏం నమ్మాలి? మన భాషలో ఈ కాపలా ఇంకా పర్యవేక్షకుల చదువు మీదే ఆధారపడి ఉంది. పర్యవేక్షకుడు చదవకపోతే కాపలా లేనట్టే.

ఎత్తిరాతలో మొరటు రకం గురించి చెప్పుకోనక్కరలేదు, అది దొరికిపోతుంది. నన్ను బాధించేది నాజూకు రకం. ఉదాహరణకు నేనే ఒక వాక్యం కట్టి చెబుతాను. ఒక విమర్శకుడు ఇలా రాశాడనుకోండి: "శ్రీనాథుడి సీసంలో పాదం మధ్య విరుపు వినేవాడి చెవి కోసం వేసింది." దాన్ని మన విద్యార్థి ఇలా మారుస్తాడు: "శ్రీనాథ మహాకవి సీసపద్యాలలోని పాదమధ్య విరామం శ్రోతల శ్రవణానందం కొరకు ఏర్పరచబడినది." ఒక్క మాటా ఉన్నదున్నట్టు కలవదు. యంత్రం సున్నా చూపిస్తుంది. విమర్శకుడి పరిశీలన మాత్రం మొత్తం విద్యార్థి ఖాతాలో పడింది, పైగా మంచి వాక్యం కాస్తా చెడింది. దీన్ని సొంత మాటల్లో రాయడం అనుకుంటున్నారు. మాటలు సొంతమైనా చూపు ఇంకొకరిది, కాబట్టి కింద పేరు ఉండాల్సిందే.

తొమ్మిదో శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కవుల మధ్య కనిపించే పోలికలను మూడుగా విడదీశాడు. అద్దంలో ప్రతిబింబంలా ఉండేది ఒకటి, చిత్రపటంలా ఉండేది రెండోది, ఇద్దరు మనుషుల దేహాల్లా ఒకేలా కనిపించినా దేని ప్రాణం దానికున్నది మూడోది. మొదటి రెంటినీ కవి వదిలెయ్యాలని, మూడోదానికి జంకనక్కరలేదని ఆయన తీర్పు. శ్రీనాథుడి సీసం మీద విద్యార్థి మార్చి రాసిన పై వాక్యం రెండో రకం. తర్వాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణం, అర్థహరణం అంటూ అధ్యాయాలకు అధ్యాయాలే రాశాడు. అయితే ఒక మాట. కవికున్న వెసులుబాటు పరిశోధకుడికి లేదు. కవి పూర్వకవి పలుకుబడిని వాడుకుంటే సహృదయుడు గుర్తుపట్టి ఆనందిస్తాడు. పరిశోధకుడి పాఠకుడు ఆధారం సరిచూసుకోవడానికి వస్తాడు.

ఆకరాలు చెప్పడం మనకు పడమటి నుంచి వచ్చిందని కొందరంటారు. ఈ మాట నాకు నచ్చదు. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత, మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్య మొదట్లోనే మాటిచ్చాడు. ఏ పేజీ తీసినా ఒక అర్థం, వెంటనే "ఇత్యమరః", ఇంకో అర్థం, "ఇతి విశ్వః". ఏ అర్థం ఏ నిఘంటువు ఇచ్చిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇంతకంటే పొట్టి పాదసూచిక నాకు తెలియదు.

తెలుగులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మడికి సింగన. పదిహేనో శతాబ్దిలో ఆయన సకలనీతిసమ్మతం కూర్చాడు. రాజనీతి మీద అప్పటికున్న తెలుగు పుస్తకాల్లోంచి పద్యాలు ఏరి, విషయాలవారీగా పేర్చాడు. అందులో సొంత పద్యాలుగా చెలామణి చేసుకోగలిగినవి ఎన్నో ఉన్నాయి, అడిగేవాడు లేడు. అయినా ఆయన ఏది ఎక్కడిదో చెప్పాడు. ముద్రామాత్యం అనే తెలుగు పుస్తకం ఒకటి ఉండేదని మనకు తెలిసింది అందువల్లే. ఆ పుస్తకం ఇవాళ లేదు. సింగన పేరు రాసిపెట్టిన పద్యాలే మిగిలాయి. ఆ పేరు రాయకపోతే ఆ కావ్యం తెలుగు సాహిత్య చరిత్రలో ఉండేదే కాదు, పద్యాలు మిగిలినా ఎవరివో తేలేది కాదు. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరం సంగతీ అంతే. కవుల పేర్లతో సహా ఆయన దాచినందువల్లే వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1918లో ప్రబంధరత్నావళిలో దొరకని కావ్యాల పద్యాలను కవుల వారీగా చూపగలిగారు. మన చరిత్రలో కొన్ని పేజీలు పూర్తిగా ఇలాంటి సంకలనకర్తల నిజాయితీ మీద నిలబడ్డవే.

ఇప్పుడు మన సిద్ధాంత వ్యాసాలకు రండి. ముద్రామాత్యం అని రాసి, కింద ముద్రామాత్యమే ఆకరమని చూపిస్తారు. లేని పుస్తకాన్ని ఎక్కడ చూశావు నాయనా? చూసింది సకలనీతిసమ్మతంలో, అదీ చాలాసార్లు ఆరుద్ర గారి సమగ్రాంధ్ర సాహిత్యంలో. అలాంటప్పుడు ఆరుద్ర పేరే చెప్పాలి. చెప్పడానికి నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు. పక్క వ్యాసంలోంచి పాదసూచికను అలాగే దించుకుంటే అందులోని అచ్చుతప్పు కూడా వెంట వస్తుంది. ఒక పద్యానికి ఆశ్వాసం సంఖ్య తప్పుపడితే, తర్వాతి వ్యాసాల్లోనూ అదే తప్పు సంఖ్య కనిపిస్తుంది. మూలం తెరిచినవాడు ఒక్కడూ లేడని దాంతోనే తెలిసిపోతుంది. పరీక్షకులకు ఒక సలహా: వైవాకి వెళ్లేముందు నాలుగైదు పాదసూచికలు పుస్తకం తీసి సరిచూడండి. మిగతావి చదవక్కరలేకుండానే వ్యాసం సంగతి తెలుస్తుంది. ఈ మధ్య చాట్‌జీపీటీ లాంటివి అసలు లేని పుస్తకాలకు కూడా రచయిత, ప్రచురణ సంవత్సరం కల్పించి ఇస్తున్నాయి. కాబట్టి ఈ పని ఇదివరకటికంటే అవసరం.

గ్రంథసూచి పొడుగును చూసి మురిసిపోవడం కూడా మానాలి. వెనక రెండొందల పుస్తకాలుంటాయి, లోపల ముప్పై కూడా తగలవు. భారతం నుంచి పద్యం ఇచ్చేటప్పుడు పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య ఇస్తే చాలుననుకుంటాం. ప్రతికీ ప్రతికీ సంఖ్యలు తేడాపడతాయి, ఏ ముద్రణో కూడా రాయండి. ఇది చిన్న విషయం, ఇక్కడితో వదిలేస్తాను.

పెద్ద విషయం వేరే ఉంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టదు. బిరుదురాజు రామరాజు గారి నాటి నుంచి జానపద సాహిత్య పరిశోధన మన విశ్వవిద్యాలయాల్లో బలంగా సాగింది. పల్లెకు వెళ్తాం, వరినాట్లలోనో పెళ్లింట్లోనో ఒక పెద్దమ్మ పాడుతుంది, ఫోన్లో రికార్డు చేస్తాం. వ్యాసంలో ఆ పాట కింద "సేకరణ" అని మన పేరుంటుంది. ఆమె పేరు, ఊరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఉండవు. ఎక్కువలో ఎక్కువ "ఒక వృద్ధురాలు" అని ఉంటుంది. అచ్చయిన పుస్తకానికి పేజీ సంఖ్యతో సహా చూపించి, మనిషికి పేరైనా ఇవ్వకపోవడం ఏ న్యాయం? ఆ పాటలో ఒక చరణం ఆమె స్వయంగా కట్టిందై ఉండొచ్చు. చాలా పాటల్లో అలాగే ఉంటుంది, అడిగితే చెబుతారు కూడా. ఆవేదకుల, అంటే పాడి వినిపించినవారి, పట్టిక పెట్టే మంచి వ్యాసాలు లేకపోలేదు. కానీ పట్టిక చివర అనుబంధంలో ఉంటుంది, పాట మూడో అధ్యాయంలో ఉంటుంది. ఏ పాట ఎవరిదో కలపడానికి దారి ఉండదు. పేరు పాట కిందే ఉండాలి. ఆమె వద్దంటే వద్దన్నదని రాయాలి.

ఈ సదస్సు పత్రాలు పుస్తకంగా వస్తాయని నిర్వాహకులు చెప్పారు. సంపాదకుల అనుమతితోనే ఈ మాట అంటున్నాను. పద్యం ఇచ్చినవారు ముద్రణ వివరం, పాట ఇచ్చినవారు పాడినవారి పేరు, ఊరు, ఇంకొకరి వ్యాసం ద్వారా తెలుసుకున్నవారు ఆ వ్యాసం పేరు రేపు మధ్యాహ్నం భోజనాల లోపు విడి కాగితం మీద రాసి ఇవ్వండి. ఇవ్వనివారి పత్రం వచ్చే సంపుటానికి వాయిదా పడుతుంది. మొదటి సమావేశంలో నాలుగు పత్రాలున్నాయి, వాటిలో రెండు జానపద గేయాల మీదే. ఆ ఇద్దరూ ముందుకు రండి, మీతోనే మొదలుపెడదాం.