ఎల్లమీది తాలూకా

జహీరాబాదు ఏ ప్రాంతమునకు చెందినదని అడిగినచో తెలంగాణమునకని నేడు వెంటనే చెప్పుదురు. కాని 1956 అక్టోబరు నెలాఖరు వరకు ఇది హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలోని ఒక తాలూకా. ఆ జిల్లాలో కన్నడము, మరాఠీ, తెలుగు మాటలాడువారు కలిసి జీవించిరి. నిజాము కాలపు కచేరీలలో మాత్రము ఉర్దూ నడిచినది.

ఆ సంవత్సరము నవంబరు 1న, రాష్ట్రముల పునర్విభజన చట్టము ననుసరించి, జిల్లా మూడు పాళ్లైనది. అహమదుపూరు, నీలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. బీదరు పట్టణముతో పెద్ద భాగము మైసూరునకు చెందినది. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. అంతటితో పంపకము ఆగలేదు. జహీరాబాదు తాలూకా నుండి నిర్ణా సర్కిలును వేరు చేసి మైసూరున నుంచిరి. బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలును ఇటు కలిపిరి. భూమిశిస్తు సౌకర్యమునకై ఏర్పరచిన గిర్దావరు సర్కిలే రెండు రాష్ట్రముల నడుమ ఎల్లయైనదన్నమాట. రైతు పొలము కదలలేదు, పహాణీ కదలినది. ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న బీదరును విడిచి, అంతకంటె చాల దూరమైన సంగారెడ్డి కచేరీకి అర్జీలు పట్టుకొని పోవలసి వచ్చినది.

ఇట్టి చిక్కు మనకే కలిగినది కాదు. స్పెయిను దేశమును 1833లో హవియేర్ దె బుర్గోస్ అను మంత్రి 49 మండలములుగా విభజించెను. అందు త్రెవీన్యో అను సీమ బుర్గోస్ మండలమునకు చెందినది. దాని చుట్టును మాత్రము ఆలవా మండలమే. 1978 నాటి రాజ్యాంగము పిమ్మట మండలములు స్వపరిపాలన గల ప్రాంతములుగా కూడినప్పుడు ఆలవా బాస్కు దేశమునను, బుర్గోసు కాస్తీలియాలోను చేరినవి. త్రెవీన్యోవారికి దగ్గరి పట్టణము ఆలవాలోని వితోరియా. తమ్ము నందు చేర్పుడని వారు పలుమారు కోరిరి. నేటికిని ఆ కోరిక తీరలేదు. భాషకంటెను బాసటకంటెను పాత దస్త్రమే బలమైనదిగా తోచుచున్నది!

జహీరాబాదువారి కథ అంత కఠినము కాలేదని మా అభిప్రాయము. వియ్యములు ఎల్లకు అటును ఇటును సాగుచునే యున్నవి. ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని దర్శనమునకు కర్ణాటకము, మహారాష్ట్రము నుండి యాత్రికులు వచ్చుచుందురు. కాని వియ్యమునకు లేని చిక్కు విద్యార్థి సర్టిఫికెట్టునకు కలదు. ఎల్లదాటి వచ్చిన కోడలికి రేషను కార్డు మార్పించుకొనుటకు కలదు. ఎల్ల యందలి కచేరీలలో కన్నడమున వ్రాసిన అర్జీని చదివి బదులు చెప్పగలవారు ఒక్కరైనను ఉండవలెనని మేము కోరుట అందుకే.

2009 నుండి జహీరాబాదు పేర ఒక లోకసభా నియోజకవర్గము కలదు. నారాయణఖేడును, 1956లో నాందేడు జిల్లానుండి వచ్చిన జుక్కలును అందులోనివే. అంతకు ముందు సంవత్సరమే, 2008 అక్టోబరులో, సమీపమున మాచునూరు గ్రామమున సంగం రేడియో మొదలైనది. దానిని నడిపినవారు దళిత రైతుస్త్రీలు. విత్తనములను గూర్చి, పంటలను గూర్చి, పండుగలను గూర్చి వారు తమ ఊరి మాటలోనే ప్రసంగించిరి. ఆ మాటను ఎవరును దిద్దలేదు.