ఏనుగుల వంశావళి

జంతుశాలలో ఏనుగు ఈనినచో మనము సంతోషింతుము. ఆ గున్నకు తండ్రి ఏ యేనుగో విచారింపము. అడవిలో యౌవనమందిన మగయేనుగు తల్లిమందను విడిచిపోవును. రక్తసంబంధుల కలయిక అట్లు తప్పును. గోడల నడుమ ఆ భారము మనుష్యులది. అందుకే ఐరోపా, అమెరికా జంతుశాలలు వంశావళులు వ్రాసి, దగ్గరి చుట్టరికము లేని జతలను కూర్చుచున్నవి. మగయేనుగును తరలించుట కష్టము గనుక ఒక్కొక్కప్పుడు వీర్యమునే పంపుదురు; 1999లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ జంతుశాలలో అట్లు ఒక గున్న పుట్టెను.

గర్భము 22 నెలలు. చిరకాలము ఈనని ఆడయేనుగు గొడ్డుపోవచ్చును. పుట్టిన గున్నలను హెర్పీస్ వైరస్ కబళించుచుండును.

తిరుగుటకు చోటు చాలదని మన దేశమున 2009లో కేంద్ర జంతుశాలా ప్రాధికార సంస్థ ఏనుగులను జంతుశాలలనుండి తరలింపుమనెను. గోడల నడుమ ఇంత శ్రమతో సాధించుదానిని అడవిలో ఏనుగుల బాట అనాయాసముగా నెరవేర్చును. ఆ బాటలు తెగకుండ కాపాడుకొందము.