కొండదారిలో ఒక గుమాస్తా కెమెరా
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే ఏడు మన సంఘం తరఫున సిమ్లా, కిన్నౌర్ ప్రాంతాలకు యాత్ర వెళ్దామన్న ప్రతిపాదన వచ్చినందున, ఆ దారి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నూట అరవై ఏళ్ళ కిందట ఆ దారిన కెమెరాతో వెళ్ళిన ఒక మనిషి కథ చెబితే దారి సంగతీ, అక్కడి వాతావరణం సంగతీ రెండూ తెలుస్తాయని నా అభిప్రాయం.

ఆయన పేరు శామ్యూల్ బోర్న్. 1834లో ఇంగ్లండులో పుట్టాడు. నాటింగ్‌హామ్ పట్టణంలో ఒక బ్యాంకులో గుమాస్తా. అనగా మన జాతివాడే! ఫొటోల మీది మోజుతో ఆ ఉద్యోగం వదులుకుని 1863లో కలకత్తాలో దిగి, అక్కడినుంచి సిమ్లా చేరాడు. మన హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కూడా మొదట ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగే. కాబట్టి ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడికి కొండల మీద కన్ను ఉండదని ఎవరూ అనుకోనక్కరలేదు.

బోర్న్ 1863 జులై 29న సుమారు ముప్ఫయి మంది కూలీలతో సిమ్లా నుంచి బయల్దేరాడు. హిందుస్థాన్–టిబెట్ రోడ్డు మీద నూట అరవై మైళ్ళు నడిచి చీనీ అనే ఊరు చేరాడు. దాన్నే ఈనాడు కల్పా అంటారు. అక్టోబరు 12న 147 నెగెటివులతో తిరిగి వచ్చాడు. లెక్క వేయండి. డెబ్బయి ఆరు రోజులకు 147, అంటే రోజుకు రెండు కూడా పడలేదు. ఈనాడు మన మనవలు టీ తాగే లోపల అంతకంటె ఎక్కువ తీస్తారు.

అంత తక్కువ ఎందుకంటే, ఆ రోజుల్లో ఫొటో అంటే ఒక చిన్న కర్మాగారం. గాజు పలకకు కొలోడియన్ అనే ద్రావకం పూసి, వెండి లవణం కలిపిన నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే గుడారంలో చీకట్లో కడగాలి. అంతా పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. మంచు కమ్మితే కొండ కనబడదు. గాలి వీస్తే కెమెరా కదిలి బొమ్మ చెదురుతుంది. గాలి మరీ పొడిగా ఉంటే పలక ముందే ఆరిపోతుంది. ఇంకో చిత్రం, ఆ పలకకు నీలిరంగు వెలుతురు అతిగా అంటుతుంది. అందుచేత ఆకాశం తెల్లగా మాడిపోయి మేఘాలు సరిగా పడేవి కావు. కొందరు మేఘాలను వేరే పలక మీద తీసి, తరువాత బొమ్మకు అతికించేవారు.

ఇక వాతావరణం సంగతి. జులై, ఆగస్టు నెలల్లో సిమ్లా కొండల మీద వర్షాలు దంచికొడతాయి. సట్లెజ్ నది వెంట పైకి పోయేకొద్దీ పెద్ద శిఖరాలు మేఘాలను అడ్డుకుంటాయి. అందువల్ల పై కిన్నౌర్‌లో వాన బాగా తగ్గిపోతుంది. ఒకే జిల్లాలో కింద బురద, పైన దుమ్ము! తెల్లవారగానే శిఖరాలు శుభ్రంగా కనబడి, పొద్దెక్కేకొద్దీ మబ్బు పట్టడం ఆ కొండల్లో సామాన్యం. అక్కడ పని కావాలంటే పెందరాళే లేవడం, ఓపికగా కాచుకుని కూర్చోవడం, ఈ రెండే మార్గాలు.

ఆ ఓపిక బోర్న్‌కు ఉంది. 1864లో తొమ్మిది నెలలు కాశ్మీరు వైపు తిరిగాడు. 1866లో కుంజుం కనుమ మీదుగా స్పితి లోయలో దిగి, సుమారు 18,600 అడుగుల ఎత్తున్న మణిరంగ్ కనుమ మీద ఫొటోలు తీశాడు. అంత ఎత్తున ఫొటో తీసిన రికార్డు ఇరవై ఏళ్ళపాటు ఆయనదే. అక్కడినుంచి గంగోత్రి హిమానీనదం చేరి, గంగమ్మ పుట్టిన గోముఖాన్ని కూడా పలకకు ఎక్కించాడు.

ఇంతవరకూ మెచ్చుకోవలసిన మాట. రెండో పక్క కూడా చెప్పాలి. ఆ గాజు పలకలు, మందు సీసాలు, గుడారాలు కొండ ఎక్కింది ఎవరి వీపుల మీద? కూలీల వీపుల మీద. కష్టం భరించలేక వాళ్ళు పారిపోతే, కర్ర పుచ్చుకుని వెదకి కొట్టిన సంగతి బోర్న్ దాపరికం లేకుండా తానే రాసుకున్నాడు. ఫొటో కింద ఆయన సంతకం ఉంది గాని, మోసినవారి పేరు ఒక్కటీ లేదు. మస్టరు రోలు రాసిన చేతులు మనవి. పేరు లేని కూలీ అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కొండల్లో ఈ వెట్టి తరతరాలు సాగింది. 1921 జనవరిలో కుమావూఁ ప్రాంతంలోని బాగేశ్వర్‌లో ఉత్తరాయణ తిరునాళ్ళకు చేరిన జనం, వెట్టి కూలీల రిజిస్టర్లను సరయూ నదిలో పారవేశారు. రిజిస్టర్లను ప్రాణంగా చూసుకున్నవాళ్ళం మనం. అయినా ఆ రిజిస్టర్లు నీళ్ళలో కలిసినందుకు నాకు సంతోషమే.

ఇప్పుడు మన యాత్ర మాట. ఈనాడు కల్పా దాకా బస్సు పోతుంది. రోడ్డు మారింది గాని కొండ మారలేదు. 2021 ఆగస్టు 11న కిన్నౌర్‌లోని నిగుల్‌సరి దగ్గర కొండచరియ విరిగి బస్సు మీదా, ఇతర వాహనాల మీదా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2013 జూన్‌లో కేదారనాథ్‌లో జరిగింది మనలో ఎవరూ మరచిపోలేదు.

కాబట్టి నా మనవి మూడు మాటలు. ఒకటి, వానాకాలంలో బయలుదేరవద్దు. వానలు వెనకపట్టిన సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట నయం. రెండు, కార్యక్రమంలో రెండు మూడు రోజులు ఖాళీ ఉంచండి. తిరుగు రైలు టిక్కెట్టు కోసం డ్రైవరును తొందరపెట్టే పరిస్థితి రాకూడదు. డెబ్బయి దాటిన మనకు ఇప్పుడు సెలవు మంజూరు చేసేవారెవరూ లేరు, తొందర దేనికి? మూడు, సామాను మోసేవారికీ, డ్రైవరుకూ ఇవ్వవలసినది బేరమాడకుండా ముందే ఖర్చుల పద్దులో చేర్చండి. తిరిగి వచ్చాక మన సంచికలో ఫొటోలు వేసేటప్పుడు వారి పేర్లు కూడా అచ్చువేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.