బండి సీటు - మన నడుము

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లేస్తే డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడతానని కొందరు అనుకుని ఉండవచ్చు. ఆ సంగతి కార్యదర్శిగారు నాకంటే బాగా చెబుతారు. ఆ బకాయిలు చేతికొచ్చేలోగా ట్రెజరీకీ బ్యాంకుకూ మనం తిరిగేది బండి మీదే గనుక, నేను బండి సీటు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నాకు 74 ఏళ్లు. తెనాలిలో ఉంటాను. మా అక్కయ్యకు 83. రేపల్లె అవతల పల్లెలో ఒక్కతే ఉంటుంది, పిల్లలు దూరదేశంలో ఉన్నారు. పదిహేను రోజులకోసారి ఆమెకు మందులు తీసుకెళ్లాలి, కాసేపు ఎదురుగా కూర్చోవాలి. రేపల్లె దాకా రైలుంది, కాదనను. అక్కడినుంచి కాలవగట్టు మీద తొమ్మిది కిలోమీటర్లు వెళ్లాలి, పొద్దువాలితే ఆటో దొరకదు. అందుకని బండి. రానూపోనూ 90 కిలోమీటర్లకు తక్కువ కాదు. రెండేళ్ల క్రితం ఇంటికి తిరిగొచ్చేసరికి నడుము పట్టేసి గుమ్మంలోనే నిలబడిపోయేవాణ్ణి. "నాన్నా, బండి అమ్మేయండి" అని మా అబ్బాయి ఫోనులో గట్టిగానే చెప్పాడు. అమ్మేస్తే అక్కయ్యను చూసేదెవరు?

గుమస్తా బుద్ధి పోదు గదా! ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ రోజు ఎన్నో కిలోమీటరు దగ్గర నొప్పి మొదలైందో రాయడం ప్రారంభించాను. మూడు నెలల పద్దు చూస్తే 14, 15 కిలోమీటర్ల దగ్గరే మొదలవుతోంది. అప్పుడు సీటు విప్పించి చూశాను.

కూర్చున్నప్పుడు మన బరువు చాలావరకు పిరుదుల లోపలి రెండు ఎముకల మీద పడుతుంది. చెక్కబల్ల మీద కూర్చుంటే అవి ఎక్కడున్నాయో తెలుస్తుంది. వయసు మీదపడ్డకొద్దీ వాటి చుట్టూ ఉండే కండ తగ్గిపోతుంది. బండి సీటుకు అడుగున రేకుగానీ గట్టి ప్లాస్టిక్ పళ్లెంగానీ ఉంటుంది, దాని మీద స్పాంజి, పైన రెగ్జిన్. ఏళ్ల తరబడి కూర్చునేసరికి స్పాంజి ఆ ఎముకల చోటే అణిగిపోతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. అడుగు పళ్లెం తగిలిందంటే ఆ సీటుకు కూడా పదవీ విరమణ వయసు వచ్చినట్టే.

ఇక్కడే అందరూ పొరబడతారు. మెత్తగా ఉంటే సుఖమనుకుంటారు. ఒక సీట్ల షాపాయన అలాగే దూదిలాంటి స్పాంజి రెండంగుళాలు వేసి ఇచ్చాడు. మొదటి అయిదు కిలోమీటర్లు రాజభోగం. తర్వాత అది పూర్తిగా అణిగిపోయి ఎముక మళ్లీ పళ్లేనికి తగిలింది. పైగా సీటు ఎత్తు పెరిగి, బండి ఆపితే కాలు నేలకు ఆనలేదు. మన వయసులో నడుము నొప్పికన్నా అది పెద్ద ప్రమాదం.

రెండో షాపాయన పనివాడు. పాత స్పాంజి అణిగినంత మేర కోయించి, అడుగున గట్టి ఫోమ్, దాని మీద ఒక్క అంగుళం మెత్తది వేయించాను. మొత్తం ఎత్తు పాతదానికి మించనివ్వలేదు. సీటు ముందుకు వాలి ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా టాంకు మీదికి జారుతాం, ఆ బరువంతా మణికట్ల మీద పడుతుంది. కాబట్టి ఆ వాలు తీయించాను. పిరుదులు ఆనే చోట కాస్త వెడల్పు చేయించి, తొడల దగ్గర సన్నగానే ఉంచమన్నాను. తోకఎముక కింద రెండు వేళ్ల వెడల్పున చిన్న పల్లం తీయించాను. రెగ్జిన్ కుట్టు కూర్చునే చోట రాకుండా పక్కలకు రావాలి. కుట్టులోంచి వాన నీళ్లు దిగితే స్పాంజి నానిపోతుంది, రెండు రోజులు కూర్చున్నప్పుడల్లా పంచె తడుస్తుంది. రెగ్జిన్ కింద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేయిస్తే ఆ బాధ లేదు. పొద్దున్నే వెళ్లి షాపు ముందే కూర్చోండి. స్పాంజి చెక్కుతున్నప్పుడు రెండు మూడుసార్లు ఎక్కి కూర్చుని చూడందే రెగ్జిన్ బిగించనివ్వకండి.

ఇప్పుడు నా పుస్తకంలో 30కి తక్కువ అంకె లేదు.

ఇక వెనక కూర్చునేవారి సంగతి. మా ఆవిడ 40 ఏళ్లు ఒక పక్కకే కూర్చుంది. అలా కూర్చుంటే నడుము మెలిపడి ఉంటుంది, బండి తూకమూ ఒక పక్కకు లాగుతుంది. 69వ ఏట చుడీదార్ కుట్టించుకుని రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చుంది. వీధిలో నలుగురూ నవ్వారు. "నవ్వే నోళ్లు నా నడుము నొప్పి తీరుస్తాయా?" అంది. (చప్పట్లు) పట్టుకునే కడ్డీ, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, చీర చక్రంలో పడకుండా అడ్డు - ఈ మూడూ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం ప్రకారం ఉండి తీరాలి. అందం కోసం వాటిని పీకించే మనవలకు ఈ నియమం నంబరు చెప్పండి. వెనకవారికీ హెల్మెట్ ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

చిల్లర సంగతులు కొన్ని. వెనక జేబులో పర్సు పెట్టుకుని నడపకండి, ఒక పిరుదు ఎత్తయి నడుము వంకరపోతుంది. టైర్లలో గాలి ఎక్కువైతే సీటెంత బాగున్నా ప్రతి రాయీ వెన్నుకు తెలుస్తుంది. పూసల కవరు గాలి ఆడనిస్తుంది గాని జారుతుంది, నాకు నచ్చలేదు. ఎండలో నిలిపిన బండి మీద తెల్ల తువ్వాలు పరవడం అన్నిటికన్నా చవక. ఎంత మంచి సీటయినా అరగంటకోసారి దిగి అయిదు నిమిషాలు నడవాలి. నేను దారిలో రెండు టీ కొట్లు ఖాయం చేసుకున్నాను.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. నొప్పి పిరుదు నుంచి పాదం దాకా దిగుతూ కాలు తిమ్మిరెక్కితే అది సీటు కుట్టేవాడి పని కాదు, డాక్టరు పని. తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. సిగ్గుపడి దాచుకోకండి.

మొన్న ఆదివారం కూడా వెళ్లొచ్చాం. అక్కయ్య గేటు దాకా వచ్చి, సీటు తడిమి చూసి, "ఇంత ఖర్చు పెట్టావా?" అంది. తొమ్మిది వందలు. కావలసినవారు సభ అయ్యాక బయట వేపచెట్టు కింద బండి ఉంది, ఎక్కి కూర్చుని చూడవచ్చు. తాళం నా దగ్గరే ఉంటుంది.