సి సెక్షను పిల్లలు
(మన సొసైటీ వార్షిక సభలో ఒక లెక్కల మాష్టారి ప్రసంగ పాఠం)



చాలా ఏళ్ళు ఉర్దూ మీడియంలో లెక్కలు చెప్పి, నిరుడు ఉప్పల్‌లో ఇంగ్లీషు మీడియం బడికి వచ్చాను. అక్కడ ఎనిమిదో తరగతిని మార్కులనుబట్టి ఎ, బి, సి సెక్షన్లు చేశారు. కొత్తవాణ్ణి కనుక సి నాకిచ్చారు. నాచారం కార్ఖానాల్లో పనిచేసేవారి పిల్లలే ఎక్కువ. మొదటి వారంలోనే తెలిసింది, చాలామందికి రానిది లెక్క కాదు, లెక్క అడిగిన ఇంగ్లీషు! "నఫా, నుక్సాన్" అంటే టక్కున జవాబు చెప్పేవాడు "ప్రాఫిట్" దగ్గర నోరు మెదపడు.

స్థాయి చూసి చెప్పడం తప్పని నేననను. 2022లో మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతులకు పెట్టిన తొలిమెట్టులోనూ అదే పద్ధతి. కాని నేర్చుకున్నవాణ్ణి ఎప్పటికప్పుడు పైకి పంపాలి. ఏడాది పొడుగునా సి లోనే ఉంచితే, "నేనింతే సార్" అంటాడు వాడు. ఆ మాట నేను విన్నాను.

ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వారి కార్యాలయం ఉన్నది. త్రిభుజాల పాఠంలో ఆ సంగతెత్తి, 19వ శతాబ్దపు ఆర్కాటు సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ గారి గురించి చెబుతాను. ఇంగ్లీషు చదువు లేని ఆయనే, జార్జి ఎవరెస్టు దొర కోణాలు కొలిచే థియోడలైట్లను బాగుచేశారు. పరీక్ష పెడితే ఆయనదీ సి సెక్షనే!

సెక్షను మార్చమని సిఫార్సులు తేకండి. సాయంత్రాలు ఈ హాల్లో ఒక గంట ఇప్పించండి, ప్రశ్నలు ఉర్దూలో, తెలుగులో విడమరచి చెబుదాం. వారానికి మూడు రోజులు నేను వస్తాను. ఒక నల్లబల్ల మాత్రం కావాలి.